ఊహ నిజమైతే తప్పెవరిది?

నెలకోసారి వచ్చే కామిక్ పుస్తకంలో కథ ఇరవై, ఇరవై రెండు పేజీలు ఉంటుంది. తీరిగ్గా బొమ్మలు చూసుకుంటూ చదివినా పావుగంటలో అయిపోతుంది. మిగతా ముప్ఫై రోజులూ పాఠకుడు ఏం చేస్తాడు? ఊహిస్తాడు. చివరి పేజీలో ఎవడో ముసుగు తీయబోతుంటే ఆపేస్తారు. ఆ ముసుగు వెనక ఎవరున్నారో మనం నెలంతా లెక్కలు వేసుకుంటాం. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్స్ కోసం ఎదురు చూసినవాళ్ళకి ఈ సుఖం గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్‌లో, ముఖ్యంగా గ్రహాలూ నక్షత్రమండలాలూ కాలప్రయాణాలూ ఉండే పెద్ద కథల్లో, ఈ ఊహించడం దాదాపు రెండో వృత్తిలా సాగుతుంది.

పాఠకుడి జోస్యంలో మూడు వేరు వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, ఏం జరుగుతుందో అన్న అంచనా. రెండు, ఏం జరిగితే న్యాయంగా ఉంటుందో అన్న తీర్పు. మూడు, ఏం జరిగితే నాకు బాగుంటుందో అన్న కోరిక. నోటితో చెప్పేటప్పుడు మూడింటినీ ఒకే వాక్యంలో పెట్టేస్తాం. “వాడు చచ్చిపోతాడు చూడు” అన్న మాటలో ఈ మూడింట్లో ఏది ఎంత పాలు ఉందో అన్నవాడికే తెలియదు. ఇది వినోదం వరకే పరిమితమైతే పెద్ద గొడవ లేదు. కానీ ఈ ఊహలకు ఒక నైతికమైన కొస ఉందని నాకనిపిస్తుంది. అది కనిపించాలంటే ఒక పాత కథ చెప్పాలి.

1991 వేసవిలో డీసీ కామిక్స్ వాళ్ళు ‘ఆర్మగెడాన్ 2001’ అనే పెద్ద కథ మొదలుపెట్టారు. 2030లో ప్రపంచాన్ని మోనార్క్ అనే నియంత ఏలుతుంటాడు. ఒంటినిండా కవచం, మొహం కనపడదు. వాడు ఒకప్పుడు సూపర్‌హీరోయే. 2001లో తోటి హీరోలందరినీ చంపి నియంత అయ్యాడు. ఎవరన్నది మాత్రం ఎవరికీ తెలియదు. మాథ్యూ రైడర్ అనే శాస్త్రవేత్త కాలంలో వెనక్కి ప్రయాణించే ప్రయోగానికి తనను తాను ఒప్పజెప్పుకుని, వేవ్‌రైడర్‌గా మారి 1991కి వస్తాడు. ఏ హీరోని తాకినా ఆ మనిషికి సాధ్యమయ్యే భవిష్యత్తు అతనికి కనిపిస్తుంది. ఆ ఏడాది వార్షిక సంచికలు ఒక్కోదాంట్లో అతను ఒక్కో హీరోని తాకి చూస్తాడు. వీళ్ళలో రేపటి రాక్షసుడు ఎవరు? ఇదీ పాఠకుల ముందు పెట్టిన ప్రశ్న.

జవాబు కెప్టెన్ ఆటమ్ అని సంస్థ ముందే అనుకుంది. ఆ రహస్యం సమయం రాకముందే బయటికి పొక్కింది. దాంతో ఎడిటర్లు చివరి నిమిషంలో జవాబు మార్చేశారు. చివరి సంచికలో మోనార్క్, హాక్ అండ్ డవ్ జంటలోని డవ్‌ని చంపుతాడు. ఆ కోపంలో హాక్ మోనార్క్‌ని చంపి ముసుగు తీసి చూస్తే అది తన మొహమే. హాక్ ఆ కవచం తొడుక్కుంటాడు. అప్పటిదాకా శ్రద్ధగా చదివిన పాఠకులు అవాక్కయ్యారు. ఆశ్చర్యం కలిగిందనే అవాక్కయ్యారు కాబట్టి సంస్థ అనుకున్నది సాధించినట్టే. అయితే ఆ ఆశ్చర్యంలో ఆనందం లేదు. అంతకుముందు పేజీల్లో పరిచిన దారి హాక్ ఇంటికి వెళ్ళదు.

ఇక్కడ ఎడిటర్ల వైపు నుంచి కూడా మాట్లాడాలి. వాళ్ళు అమ్మింది ఒక రహస్యం. రహస్యం పోయాక మిగిలేది తెల్లారిపోయిన తీర్థం. చివరి సంచిక కొన్నవాడికి ముందే తెలిసిన సంగతినే చేతిలో పెడితే అది మోసం కాదా? పైగా కథ వాళ్ళది. హాక్ అనేవాడు ఎక్కడా లేడు. లేనివాడికి అన్యాయం ఏమిటి? కాగితం మీది మనిషి పరువునష్టం దావా వెయ్యడు గదా.

ఈ వాదనలో బలం ఉంది గానీ, ఒక చోట తేలిపోతుంది. “ఎవరు?” అని అడిగిన మనిషి, అడగడంలోనే ఒక మాట ఇస్తున్నాడు. జవాబు నా దగ్గరుంది, దాని జాడలు నీకు కనిపించేలా పరుస్తాను, నువ్వు శ్రద్ధగా చూడు, చూస్తే నీ శ్రమ వృథా పోదు అని. ఎవరూ నోటితో చెప్పకపోయినా ఆ ఒప్పందం లేకుండా అపరాధ పరిశోధన కథే లేదు. జవాబు మార్చినప్పుడు శిక్ష పడింది ఎవరికి? ఏమీ పట్టించుకోకుండా పేజీలు తిప్పినవాడికి నష్టం లేదు, వాడికి ఎవరైనా ఒకటే. ప్రతి జాడనూ ఏరుకుని దాచుకున్నవాడికే నష్టం. శ్రద్ధను శిక్షించి అశ్రద్ధకు బహుమానం ఇవ్వడం, అది కథలో జరిగినా సరే, చిన్న తప్పు కాదు. పరీక్ష పేపరు లీకైందని తెలిసి, ప్రశ్నలు మార్చకుండా, రెండు రెళ్ళు నాలుగన్న జవాబునే అయిదుగా మార్చిన మాస్టారిని ఊహించండి. లీకు సంగతి తెలియకుండా సొంతంగా నాలుగని రాసినవాడు కూడా తప్పిపోతాడు.

ఇంకో సంగతి. పదహారేళ్ళ తర్వాత, 2007లో మొదలైన ‘కౌంట్‌డౌన్’ అనే సీరియల్‌లో డీసీ వాళ్ళే కెప్టెన్ ఆటమ్‌కి మోనార్క్ కవచం తొడిగి తిప్పారు. పాత పాఠకుల ఊహ అలా ఆలస్యంగా నిజమైంది. అయినా ఎవరికీ పెద్దగా సంతోషం కలిగినట్టు లేదు. సమయం దాటాక నిలబెట్టుకున్న మాట బాకీ తీర్చినట్టు ఉంటుంది తప్ప మాట నిలబెట్టుకున్నట్టు ఉండదు.

*

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే కథ ఒకటి అంతకుముందే వచ్చింది. 1975లో జిమ్ స్టార్లిన్ మార్వెల్‌లో ఆడమ్ వార్లాక్ కథను చేతిలోకి తీసుకున్నాడు. రాతా బొమ్మలూ రెండూ అతనివే. గ్రహాలకు గ్రహాలనే మతం పేరుతో లొంగదీసుకుంటున్న ‘యూనివర్సల్ చర్చ్ ఆఫ్ ట్రూత్’ అనే సామ్రాజ్యంతో వార్లాక్ పోరాడతాడు. దాని దేవుడి పేరు మేగస్. ఆ మేగస్ మరెవరో కాదు, భవిష్యత్తులో తానే అని వార్లాక్‌కి తెలుస్తుంది. ఈ రహస్యాన్ని స్టార్లిన్ చివరిదాకా దాచిపెట్టలేదు. కథ మొదట్లోనే చెప్పేసి, మరి ఇప్పుడేం చేస్తావు అని వార్లాక్‌ని అడిగాడు.

వార్లాక్ చేసిన పని విచిత్రమైనది. కాలంలో ముందుకు వెళ్ళి, మేగస్ కాకముందు ఒక చోట, చావుబతుకుల్లో పడివున్న తన దగ్గరికే వెళ్ళి, తన నుదుటి మీది రత్నంతో ఆ మనిషి ప్రాణాన్ని తీసేసుకుంటాడు. అంటే నియంతగా దీర్ఘకాలం బతకడానికి బదులు మనిషిగా త్వరలో చనిపోవడాన్ని ఎంచుకున్నాడు. ఇది 1976 మొదట్లో వచ్చిన పదకొండో సంచిక. అక్కణ్ణుంచి పాఠకుడికి వార్లాక్ ఎలా చస్తాడో తెలుసు. ఎప్పుడన్నది ఒక్కటే తెలియదు. పదిహేనో సంచికతో ఆ పత్రిక ఆగిపోయింది. ఆ చావు బాకీ పడిపోయిందనే అనుకోవాల్సిన పరిస్థితి. కానీ 1977లో స్టార్లిన్‌కి అవెంజర్స్ వార్షిక సంచిక ఒకటి చేతికొచ్చింది. థానోస్‌తో జరిగిన యుద్ధంలో వార్లాక్ కూలిపోయి పడి ఉంటాడు. అప్పుడు గతంలోంచి ఇంకో వార్లాక్ వచ్చి పక్కన నిలబడతాడు. మనం ఇంతకుముందు ఒక వైపు నుంచి చూసిన దృశ్యమే, ఇప్పుడు రెండో వైపు నుంచి.

పాఠకుడికి ఇందులో తెలియనిది ఏదీ లేదు. అయినా ఆ పేజీ దగ్గర ఆగకుండా ముందుకు పోలేం. కర్ణుడి రథచక్రం భూమిలో కుంగుతుందని తెలిసీ హరికథ మధ్యలో లేచి పోని జనానికి ఇది అర్థమవుతుంది. రెంటికీ ఒక తేడా మాత్రం ఉంది. కర్ణుడి చావు మనకు అమ్మమ్మలు చెప్పగా తెలుసు. వార్లాక్ చావు మనకు రచయిత ముందుగా మాట ఇవ్వడం వల్ల తెలుసు. పత్రిక మూతబడినా వేరే పుస్తకంలో చోటు సంపాదించి మరీ ఆ మాట నిలబెట్టాడు. తర్వాత్తర్వాత వార్లాక్ తిరిగి బతికొచ్చాడు, తెచ్చింది కూడా స్టార్లినే. కామిక్స్‌లో చావు ఎంతకాలం నిలుస్తుందో తెలిసినవాళ్ళు నవ్వుకోవచ్చు. కానీ ఆ పేజీ అబద్ధం కాలేదు.

ఈ రెండు కథలనూ పక్కపక్కన పెడితే నాకు తోచేది ఇది. పాఠకుడి ఊహ నిజమవడం వల్ల కథ పాడవదు. పాఠకుడు ఊహించాడన్న భయంతో కథ తన నిజాన్ని వదిలేస్తే పాడవుతుంది. ఆశ్చర్యం కథకు ఉండదగ్గ గుణాల్లో ఒకటి మాత్రమే. దాన్ని కాపాడటానికి మిగతావన్నీ తాకట్టు పెడితే చివరికి అదీ దక్కదు.

*

అయితే తప్పంతా రచయితల వైపే తోసేసి, పాఠకుడు చేతులు కడిగేసుకోవడం కుదరదు. మనం వేసే ఊహలన్నీ కథను విని వేసేవి కావు.

జొనాథన్ హిక్‌మన్ 2012 చివర్నుంచి అవెంజర్స్, న్యూ అవెంజర్స్ పత్రికలు రెండూ నడిపాడు. వేరే విశ్వాల్లోని భూమి మన భూమికి ఎదురుగా వచ్చి ఢీకొనబోతుంది. ఎనిమిది గంటల్లో రెండింట్లో ఒకదాన్ని నాశనం చేస్తే రెండు విశ్వాలూ మిగులుతాయి, లేకపోతే రెండూ పోతాయి. ఆ పని చేయడానికి చెయ్యి వస్తుందా అని రీడ్ రిచర్డ్స్ లాంటి మేధావులు కొట్టుమిట్టాడతారు. ఈ కథ చివరికి అంతం అవుతుందని రచయిత మొదటి సంచికల నుంచీ సూటిగా చెబుతూనే ఉన్నాడు. మామూలు పాఠకుడు మాత్రం నవ్వి ఊరుకున్నాడు. ఇంత వ్యాపారం, ఇన్ని సినిమాలు ఉన్న లోకాన్ని ఎవరు నాశనం చేస్తారు, ఆఖరి క్షణంలో ఏదో అడ్డు పడుతుందిలే అని. 2015లో వచ్చిన ‘సీక్రెట్ వార్స్’ మొదటి సంచికలో ఏదీ అడ్డు పడలేదు. రెండు భూములూ ఢీకొన్నాయి. తర్వాత తొమ్మిదో సంచికకల్లా అన్నీ మళ్ళీ పుట్టాయనుకోండి. ఆ లెక్కన నవ్వినవాడి జోస్యం కూడా నిజమే.

కానీ ఆ నవ్వులో ఒక పోగొట్టుకోవడం ఉంది. 1991 నాటి ‘ఇన్ఫినిటీ గాంట్‌లెట్’లో థానోస్ చిటికేస్తే సగం ప్రాణులు మాయమవుతాయి. 2018లో దాన్నే సినిమాగా చూసినప్పుడు, స్పైడర్‌మాన్ బూడిదవుతుంటే మన పక్క సీటువాడు “వీడికి ఇంకో సినిమా ఉంది, తిరిగొస్తాడు” అనే ఉంటాడు. వాడు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్టు. కానీ ఆ క్షణంలో తెర మీద ఒక కుర్రాడు పోవాలని లేదంటూ బెంగపడుతున్నాడు. వాడి అంచనా కథలోంచి రాలేదు, కంపెనీ కాంట్రాక్టు కాగితాల్లోంచి వచ్చింది. కథలో ఉన్న మనిషి ఏం చేస్తున్నాడో చూడకుండానే వాడి సంగతి తేల్చేయడం అది. ఊహ రెండు రకాలన్న మాట. ఎదుటివాణ్ణి చూసి వేసేది ఒకటి, ఎదుటివాణ్ణి చూడనక్కర్లేకుండా వేసేది ఇంకోటి.

2016లో మార్వెల్ వాళ్ళే ఈ సంగతి మీద ‘సివిల్ వార్ 2’ అనే కథ వేశారు. యులిసీస్ అనే కుర్రాడికి భవిష్యత్తు కనిపిస్తుంది. అతని మాట పట్టుకుని థానోస్ రాకను ముందే పసిగట్టి కాపుకాస్తారు. ఆ పోరులో వార్ మెషీన్ చనిపోతాడు. ఇక అక్కణ్ణుంచి కెప్టెన్ మార్వెల్, నేరం జరగకముందే మనుషుల్ని పట్టుకోవచ్చంటుంది. ఐరన్ మాన్ కూడదంటాడు. శత్రువుల మనిషని ఒక ఉద్యోగినిని నిర్బంధిస్తారు, ఆధారం దొరకదు. మైల్స్ మొరాలెస్ అనే చిన్న స్పైడర్‌మాన్ కెప్టెన్ అమెరికాని చంపుతాడని దర్శనమవుతుంది. ఆ హత్య జరగనే లేదు. జరగలేదని తేలేదాకా ఆ కుర్రాణ్ణి చూసే చూపులు మాత్రం హంతకుణ్ణి చూసే చూపులే. ఈ కథ బాగా రాశారా లేదా అన్నది వేరే చర్చ. అది అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. జరగబోయేది తెలుసనుకున్నవాడు జరుగుతున్నదాన్ని చూడగలడా?

భాగవతంలో కంసుడి సంగతి మనకు తెలిసిందే. దేవకి ఎనిమిదో బిడ్డ చేతిలో చావు అని ఆకాశవాణి చెప్పింది. అందరూ మరిచిపోయే వివరం ఒకటుంది. వసుదేవుడు మాట ప్రకారం మొదటి బిడ్డను తెచ్చి ఇస్తే, వీడివల్ల నాకు భయం లేదని కంసుడు తిరిగి ఇచ్చేశాడు. ఆ ఒక్క పూట జోస్యం విని కూడా కళ్ళెదుట ఉన్న పసివాణ్ణి చూడగలిగాడు. తర్వాత నారదుడొచ్చి భయం నూరిపోశాకే చూడటం మానేశాడు. ఆకాశవాణి చెప్పింది నిజమే అయింది. అయినా ఆ నిజం, అతను చంపిన పసిపిల్లల విషయంలో అతనికి సాకు కాలేదు.

*

ఈ మాటలన్నీ నా చేత రాయిస్తున్నది మా చిన్నాన్న.

ఆయన ముప్ఫై ఏళ్ళ వయసులో రెండేళ్ళ పాటు బాగా తాగాడు. తర్వాత మానేశాడు. పూర్తిగా మానేశాడు. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు బతికాడు. ఆ పంతొమ్మిదేళ్ళలో ఏ రోజైనా ఇంటికి రావడం గంట ఆలస్యమైతే చాలు, ఇల్లు నిశ్శబ్దమైపోయేది. నాయనమ్మ వీధి అరుగు మీద కూర్చునేది. వచ్చాక ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. పిన్ని మంచినీళ్ళ గ్లాసు ఇచ్చే నెపంతో దగ్గరగా వచ్చి గాలి పీల్చేది. ఆయనకది తెలుసు. గ్లాసు అందుకుని, ఒక్క క్షణం ఆగి, నోరు కొంచెం తెరిచి “హా” అని ఊపిరి వదిలి, అప్పుడు తాగేవాడు. నేను చిన్నప్పుడు అదేదో అలవాటనుకునేవాణ్ణి.

మా ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్ళు కారు. వాళ్ళ అంచనాకి కారణం ఉంది, రెండేళ్ళు వాళ్ళు పడ్డ నరకం ఉంది. మళ్ళీ మొదలుపెట్టే అవకాశం నిజంగానే ఉంది, డాక్టర్ని అడిగినా అదే చెబుతాడు. కాబట్టి వాళ్ళ ఊహను తప్పనలేను. తప్పు ఎక్కడంటే, ఆ ఊహకు ముగింపు తేదీ లేదు. ఏడువేల రోజులు తాగకుండా ఉన్నా అవి సాక్ష్యంగా చేరలేదు, ఇంకా రాని తరువాయి సంచికలాగే మిగిలిపోయాయి. ఆయన పోయాక పదకొండో రోజున దగ్గరివాళ్ళే ఒకరు, “ఏమైనా చివరిదాకా నిలబెట్టుకున్నాడు” అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. చచ్చిపోతే గాని ఆ మనిషి మీద జోస్యం కొట్టేయలేదన్న మాట. ఆ మాటకి పిన్ని లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు హాక్ సంగతి నాకు ఇంకోలా కనిపిస్తుంది. కథ మలుపు కోసం అతణ్ణి రాక్షసుణ్ణి చేశారు. అతని జీవితంలో అప్పటిదాకా జరిగినదేదీ ఆ తీర్పులో లెక్కకి రాలేదు. చిన్నాన్న విషయంలో తీర్పు ఎప్పుడూ రాలేదు గానీ లెక్కకి రాకపోవడం మాత్రం అదే. వార్లాక్‌కి జరిగింది వేరు. అతనికి రాబోయేది చెప్పారు, చెప్పాక అతను ఏం చేస్తాడో ఆగి చూశారు, అతను చేసినదాన్ని బట్టి కథ నడిచింది. భవిష్యత్తు తెలియడం అక్కడ మనిషిని చెరిపేయలేదు, మనిషి చెయ్యాల్సిన పనిని ముందు పెట్టింది.

ఊహించడం మానేయమని నేను అనను. మానేస్తే సీరియల్ చదవడంలో సగం సుఖం పోతుంది. పిల్లలున్న తల్లిదండ్రులు, జబ్బుమనిషి పక్కన కూర్చున్నవాళ్ళు ఊహించకుండా ఉండలేరు కూడా. నేను అడిగేది చిన్న పని. నా ఊహ తప్పని తేల్చగలిగేది ఏమిటో ఊహించేటప్పుడే ఒకసారి అనుకోవడం. ‘ఈ పాత్ర ద్రోహి’ అని నేనంటే, ఆ పాత్ర ఏం చేస్తే నా మాట వెనక్కి తీసుకుంటాను? ఏం చేసినా తీసుకోను, మంచి చేసినా నటనే అంటాను అనుకుంటే నేను చదవడం మానేసినట్టే. రచయితకీ అదే కొలత. పాఠకుడు కనిపెట్టాడని జవాబు మార్చడం కన్నా, కనిపెట్టినవాడికి కూడా చివరి పేజీలో చూడదగ్గది ఏదైనా ఉందా అని చూసుకోవడం మంచిది. స్టార్లిన్ దగ్గర ఉంది.

1960లలో మార్వెల్‌లో స్టాన్ లీ, కథలోని పొరపాటుని పట్టుకుని దానికి సబబైన కారణం కూడా చెప్పిన పాఠకులకి ‘నో ప్రైజ్’ అని ఒక బహుమతి పెట్టాడు. పోస్టులో కవరొచ్చేది. మీరు గెలుచుకున్న బహుమతి ఇందులో ఉంది అని కవరు మీద గొప్పగా రాసి ఉండేది. విప్పితే లోపల ఏమీ ఉండదు. తమాషా కోసం చేసిన పనే అయినా, సరిగ్గా ఊహించినవాడికి దక్కాల్సింది అంతేనేమో. మా ఇంట్లో అలాంటి ఖాళీ కవరు కోసం పంతొమ్మిదేళ్ళు ఎదురు చూశారు. అది రాలేదు. రాలేదని ఎవరూ గమనించలేదు, ఆయన తప్ప.